వరాలు వద్దన్న టీకా

అనగనగా ఒక మడ అడవిలో వరాలు అనే ఆడబాతు ఉండేది. ఈమధ్య ఆమె కాళ్ళు నేల మీద నిలవడం లేదు. సముద్రం అవతలి దీవిలో తమ్ముడి పెళ్ళి మరి! పెళ్ళికొడుకు అక్క అంటే మాటలా? కొత్త జంటను గడపలో ఆపి, ఒకరి పేరు ఒకరి చేత చెప్పిస్తే గానీ లోపలికి రానివ్వదు. మీ మేనత్త చేస్తుందే, అలాగే.

ఆ దీవి నీళ్ళతో జ్వరం వస్తుందని, అక్కడికి వెళ్ళేవాళ్ళకు అడవిలోని ఏదుపంది నాంచారమ్మ టీకాలు వేసేది. తన ముల్లు ఒకటి మందులో ముంచి చటుక్కున గుచ్చేది. వరాలు మొగుడు సూరన్న, కూతురు కెంపి చాలా ముందే వెళ్ళి వేయించుకున్నారు.

"మందు ఒంటికి పట్టడానికి టైం కావాలి. మీ ఆవిడేదీ?" అంది నాంచారమ్మ.

ఆవిడ రెక్కలు దువ్వుకుంటోంది. మరోసారి పిలిస్తే పెళ్ళిపాటలు నేర్చుకుంటోంది. మూడోసారి నాంచారమ్మే గట్టుకు వచ్చింది.

"పుట్టింటికి వెళ్తూ ఎవరైనా పొడిపించుకు వెళ్తారా పిన్నీ? ఆ నీళ్ళు తాగే పెరిగాను" అంది వరాలు.

"అప్పటి బలం ఇప్పటిదాకా నిలవదే పిల్లా. నువ్వు ఆ ఊరి ఆడపిల్లవని జ్వరానికి ఎవరు చెబుతారు?"

"నేనే చెబుతాలే" అని నవ్వి ఎగిరిపోయింది వరాలు.

దీవిలో దిగగానే చెలమ నీళ్ళు కడుపారా తాగింది. కొన్నాళ్ళు విందులే విందులు. సరిగ్గా పెళ్ళినాటికి ఒళ్ళు కాలిపోయింది. మెడ ఎత్తలేకపోయింది. అవే నీళ్ళు తాగిన సూరన్న, కెంపి మాత్రం పందిరంతా చెంగుచెంగున తిరుగుతున్నారు.

తల్లి ఆమె నుదుటిమీద తడి ఆకు వేస్తూ సణిగింది. "పరాయి ఊరివాడు, అల్లుడే జాగ్రత్తపడ్డాడు. నా కడుపున పుట్టినదానివి, నీకేమొచ్చిందే?"

"అమ్మా, నన్ను గడప దాకా మోసుకెళ్ళవే."

"కొత్త కోడలికి జ్వరం సారె పెడతావా? పడుకో."

బయట డప్పులు ఆగాయి. జంట గడప దగ్గరికి వచ్చింది. ఒక సన్నని గొంతు అడ్డుపడింది.

"పేర్లు చెప్పందే రెక్క తీయను మామయ్యా."

కెంపి గొంతది. పందిరంతా ఘొల్లున నవ్వింది. రెల్లుపరుపు మీద వరాలుకు నవ్వూ ఏడుపూ కలిసే వచ్చాయి.

తమ్ముడు సిగ్గుపడుతూ పెళ్ళాం పేరు గొణిగాడు. అందరూ విన్నారు, వరాలు తప్ప.

నీతి: ఊరు మనదైనా రోగం మన చుట్టం కాదు. దేశం దాటి వెళ్ళేది సొంతవాళ్ళింటికే అయినా, చెప్పిన టీకా చెప్పిన వేళకు ఇంటిల్లిపాదీ వేయించుకోవాలి.