పేరు చెప్పని పళ్ళెం

మా ఇంట్లో ఎసరు పెట్టగానే, బియ్యం కడగకముందే, దేవుని గుప్పెడు తీసి విడిగా ఒక కుండలో పోసేవారు. ఆదివారం ఆ బియ్యం చర్చికి వెళ్ళేది. ఇప్పుడు మా ఇంట్లో ఎవరూ తీయడం లేదు. తీసిన చేయి మా అమ్మమ్మ సంతోషమ్మది. వానలు పట్టి బడి మూసిన రోజుల్లో, చెల్లినీ నన్నూ చెరొక పక్కన పడుకోబెట్టుకుని ఆవిడ చెప్పిన కథ ఇది. ఆవిడ మాటల్లోనే రాస్తున్నాను.

అనగనగా గోదారి నడుమ ఒక లంక. ఆ లంకలో ఒక అత్త, ఒక కొడుకు, ఒక కోడలు. అత్త సారమ్మ, కోడలు దీవెనమ్మ. కొడుకు పేరా? ఆగండి, దాని సంగతి తర్వాత. ఊ కొడుతున్నారా? కొట్టకపోతే కథ కూడా నిద్రపోతుంది.

కొడుకు పడవ నడుపుతాడు. ఒకనాడు అవతలి గట్టుకు వెళ్ళాడు, వెళ్ళిన పూటే వరద వచ్చింది. చేలు మునిగాయి, దారులు మునిగాయి, చర్చి మునిగింది, గంట ఒక్కటే నీళ్ళపైన మిగిలింది. వీళ్ళ ఇల్లు మెరక మీద ఉంది కనుక నిలిచింది. పడవ రాలేదు. కబురూ రాలేదు.

దీవెనమ్మ ఎప్పటిలాగే దేవుని గుప్పెడు తీసింది. సారమ్మ కస్సుమంది.

"చర్చి నీళ్ళలో ఉంటే ఆ గుప్పెడు ఎవరికే?"

"దేవుడికే అత్తయ్యా. ఆయన మునగలేదుగా."

ఆ గుప్పెడు చిన్న గిన్నెలో వండి, మొగుడి పళ్ళెంలో పెట్టి, గడప లోపల మూత వేసి ఉంచింది.

"పళ్ళేనికి ఆకలేస్తుందటే?"

"వచ్చినవాళ్ళకి వేస్తుంది అత్తయ్యా."

అంత ధైర్యం ఎక్కడిదంటారా? ధైర్యమేమీ లేదమ్మా. పళ్ళెం కడుగుతూ ఏడ్చేది, ఏడుస్తూ ప్రార్థన చేసేది. ప్రభువా, ఆయన నాకు కనబడటం లేదు, నీకు కనబడుతున్నాడు, ఈ పూటకి అది చాలు అనేది. కళ్ళు తుడుచుకుని మళ్ళీ పళ్ళెం వేసేది.

ఇలా ఉండగా అరటిబోదెల తెప్ప మీద ఒక గొర్రెల కాపరి వచ్చి ఆకలన్నాడు. దేవుని బియ్యం కదా, కాదనకూడదు. ఆ పళ్ళెమే ఇచ్చింది. తిన్నాక, ఇది ఎవరి పళ్ళెం తల్లీ అని అడిగాడు. ఆ రోజుల్లో ఆడవాళ్ళు మొగుడి పేరు పలికేవాళ్ళు కాదు. నేను మాత్రం పలికానా? రేషన్ కార్డుకి అడిగితే మీ అమ్మ చేత చెప్పించాను. దీవెనమ్మ కూడా అంతే. ఇంటాయనది, కనబడితే పళ్ళెం వేసి ఉందని చెప్పు బాబూ అంది. పేరు లేదు, గుర్తు లేదు.

కాపరి వెళ్ళి బుట్టలల్లే ఆమెకు చెప్పాడు: లంకలో పళ్ళెం వేసి ఉంది, ఇంటాయన రావాలట. బుట్టలామె వెళ్ళి చేపలు పట్టేవాడికి చెప్పింది: లంకలో పళ్ళెం వేసి ఉంది, ఇంటాయన రావాలట. చేపలవాడు వెళ్ళి దిబ్బ మీది మగవాళ్ళకు చెప్పాడు. ఏమని? ఆఁ, అదే!

దిబ్బ మీద ఉన్నది ఎవరనుకున్నారు? పనులకని అవతలి గట్టుకు పోయి వరదకు చిక్కిన లంక మగవాళ్ళే. లంకంతా కొట్టుకుపోయిందని ఎవరో అంటే నమ్మేశారు. ఇక ఎవరున్నారని వెనక్కి పోవాలి అని, ఎక్కడికో దూరాన కూలికి పోదామని మూటలు కట్టుకున్నారు. దీవెనమ్మ మొగుడైతే పడవ కూడా అమ్మజూపాడు.

పళ్ళెం మాట వినగానే ఒకడు లేచాడు.

"మా ఆవిడే! పళ్ళెం వేసిందంటే మా ఆవిడే!"

"మీ ఆవిడా? నువ్వు ఇంట్లో ఉన్నప్పుడే వేయదు కదయ్యా. అది మా ఆవిడ!" అని ఇంకొకడు.

మాది అంటే మాది అని పోట్లాడుకుంటూనే అందరూ ఆ పడవెక్కారు.

సారమ్మ గుమ్మంలోంచి చూస్తే పడవ నిండా మనుషులు! రేవు చేరగానే ఎవరింటికి వాళ్ళు పరుగు. ఆడవాళ్ళూ పిల్లలూ అటకలెక్కి, మెరకలెక్కి బతికే ఉన్నారు. ఇంటింటా ఏడుపులూ నవ్వులూ. అందరూ పోగా మిగిలిన ఒక్కడు పడవ కట్టేసి, కాళ్ళు కడుక్కుని వచ్చి, పళ్ళెం ముందు కూర్చున్నాడు.

సారమ్మ కొడుకుని పట్టుకుని ఏడ్చింది. ఏడ్చి, కోడలి మీద విసుక్కుంది.

"పేరు చెప్పి పంపొచ్చు కదే!"

"చెప్పి ఉంటే ఈయనొక్కరే వచ్చేవారు అత్తయ్యా."

దేవుడు వేసే పళ్ళెం మీద కూడా పేరుండదు తల్లీ. అది నాదే అనుకుని లేచి వెళ్ళాలి, అంతే. కథ కంచికి పడవెక్కింది, మనం దుప్పట్లోకి.

ఆ కొడుకు పేరు చెప్పనేలేదని చెల్లి పట్టుబట్టింది. అమ్మమ్మ గోడ మీది తాతయ్య ఫొటో వంక చూసి, ముసుగు లాక్కుని నవ్వింది. "మీ తాతయ్య పేరేనే. ఎలా పలకను?"

మరునాడు వాన తెరిపిచ్చింది. అమ్మమ్మ ఎసరు పెట్టి నన్ను పిలిచింది. ఈసారి నువ్వు తియ్యి అంది. నా గుప్పెట్లోంచి గింజలు జారిపోతుంటే తన అరచేయి కింద పట్టింది. మేమిద్దరం కలిసి తీసిన మొదటి గుప్పెడు, చివరి గుప్పెడు అదే. ఆవిడ కుండ వంచి పట్టుకుంది, నేను బియ్యం పోశాను, చెల్లి మూత పెట్టింది.