గంధం పూసిన ఘటిక

ఘనశైలమనే ఒకానొక రాజ్యాన్ని పూర్వం ప్రతాపకేసరి అనే రాజు ఏలుతుండేవాడు. పొరుగు రాజులు ఆయనకు వశమయ్యారో లేదో గాని, వందిమాగధులు మాత్రం సంపూర్ణంగా వశమై ఉండేవారు. ఆయన తుమ్మితే “ఆహా, పాంచజన్యం!” అనేవారు. ఆవులిస్తే “సింహం మేల్కొన్నది!” అనేవారు. పట్టాభిషేకం నాటి నుంచి ఇదే వింటూ వచ్చిన రాజు, అందులో ఒక్క అక్షరమైనా పొల్లు కాదని నిశ్చయించుకున్నాడు.

ఆయన సభామంటపంలో ఒక ఘటికాయంత్రం ఉండేది. యంత్రమంటే మరేమీ కాదు, నీళ్లు నిండిన పెద్ద గంగాళం, అందులో తేలే చిన్న రాగిగిన్నె. గిన్నె అడుగున సూదిమొన పట్టేంత రంధ్రం. ఆ రంధ్రం గుండా నీరెక్కి గిన్నె మునిగితే ఒక గడియ గడిచినట్లు. సూర్యోదయాన దానిని నీటిపై విడిచేవారు. మునిగినప్పుడల్లా తీసి మళ్లీ విడుస్తూ, లెక్క మధ్యాహ్నానికి రాగానే పెద్దఘంట మ్రోగించేవారు. ఆ ఘంట వినబడనిదే రాజు అన్నం ముట్టరాదని ముత్తాతల నాటి కట్టుబాటు. రాజు ముట్టనిదే సభలో మరెవ్వరూ ముట్టరాదు.

ఒకనాడు రాజు నగరంలోని వల్లభశాస్త్రి పాఠశాల చూడబోయాడు. వల్లభశాస్త్రి న్యాయవేదాంతాలను రెండు కన్నులుగా చేసుకుని బ్రతికిన వృద్ధుడు. ఆయన బోధనలో ఒక విశేషముంది. శిష్యుడు ఏ వాక్యం అప్పజెప్పినా, “పెద్దలు చెప్పారు, వారికి నమస్కారం. మరి నీకెట్లా తెలిసింది నాయనా?” అని అడిగేవాడు. చదువు ముగిసిన శిష్యుడు తాను దేనికోసం బ్రతకదలచాడో తన సొంత మాటలలో చెప్పాలి. అదే గురుదక్షిణ. అరువు మాట చెల్లదు.

రాజు ఒక పెద్ద శిష్యుణ్ణి లేపి, “ఏమోయ్, మేము ఎందుకు గొప్పవారమో చెప్పు” అన్నాడు.

అతడు వినయంగా చేతులు కట్టుకుని, “ఇంకా పరిశీలిస్తున్నాను, మహాప్రభూ!” అన్నాడు.

రాజు ముఖం మంకెనపువ్వులా ఎర్రబడింది.

మరునాడు వల్లభశాస్త్రిని సభకు రప్పించారు. ఆస్థాన పండితుడు నృసింహావధానులు లేచాడు. ఆయన శాలువా బరువే ఆయన పాండిత్యానికి కొలత అని గిట్టనివారు అనేవారు.

“మహారాజా! పెద్దలు స్థిరపరచిన సత్యాన్ని ప్రశ్నించడం కన్నతల్లిని సాక్ష్యం అడగడం వంటిది. మన ఘటికనే చూడండి. అది మునిగితే గడియ. ఏమి, ఎందుకు అని ఎవడైనా అడిగాడా? అడగలేదు కనుకనే రాజ్యం సుఖంగా ఉన్నది. సత్యమంటే ఘటిక. దానిని చూసి తల ఊపాలి గాని, తల దూర్చరాదు” అన్నాడు.

“భేష్!” అన్నాడు రాజు. వెంటనే తాటాకు మీద శాసనం వ్రాయించాడు. పెద్దలు స్థిరపరచిన దేనినైనా ప్రశ్నించినవాడు రాజ్యం విడిచిపోవాలి. రేపటి మధ్యాహ్న ఘంట మ్రోగిన క్షణం నుంచి ఇది అమలు.

“శాస్త్రీ! ఆ ప్రశ్న ఇక వేయనని ఒక్క మాట అనండి. మీ పాఠశాల మీకుంటుంది” అన్నాడు.

వల్లభశాస్త్రి చేతులు జోడించాడు. “ప్రభూ, నేను బ్రతుకుతున్నది ఆ ప్రశ్న కోసమే. దానిని విడిచి ఈ ఊళ్లో ఉంటే, ఉండేది నేను కాదు. రేపు ఘంట మ్రోగగానే బయలుదేరుతాను” అన్నాడు.

అప్పుడు గుండన లేచాడు. గుండన రాజుగారి నర్మసచివుడు, అంటే నవ్వించడానికి జీతం పుచ్చుకునేవాడు. ఒకప్పుడు వల్లభశాస్త్రి శిష్యుడు కూడా.

“ప్రభూ, ఒక సందేహం... కాదు కాదు, సందేహం కాదు, వట్టి విన్నపం. శాసనంలో ‘ప్రశ్నించినవాడు’ అన్నారు. అంటే ఎవరైనానా?”

“ఎవడైనా సరే! మేమైనా సరే!” అని రాజు మీసం దువ్వాడు.

“ధన్యోస్మి. ఇక రెండో విన్నపం. సత్యానికే ప్రతిరూపమని అవధానులవారు సెలవిచ్చిన ఘటికకు ఇంతవరకు ఒక పూజ లేదు, ఒక నైవేద్యం లేదు. రేపు దానికి గంధోపచారం జరిపిస్తే రాజ్యానికి శుభం. చేస్తే అవధానులవారి చేతుల మీదుగానే చేయాలి. నావంటి అల్పుడు తాకరాదు.”

అవధానులు శాలువా సవరించుకుని, “ఓయి గుండనా, నీకూ అప్పుడప్పుడు మంచి బుద్ధి పుడుతుందోయి!” అన్నాడు.

తెల్లవారకముందే అవధానులు మడి కట్టుకుని కూర్చున్నాడు. గంధం ముద్దగా తీయించి, అందులో కుంకుమపువ్వు, కర్పూరం మేళవించి, గిన్నెకు లోపలా వెలుపలా దట్టంగా అలదాడు. ఆపైన దండకం ఎత్తుకున్నాడు. దండకం ముగిసేసరికి ధూపం సెగకు గంధం ఎండి పెంకు కట్టింది. సరిగా సూర్యోదయ సమయానికి మంగళవాద్యాల నడుమ గిన్నెను గంగాళంలో విడిచాడు. అది పెండ్లికూతురులా మెల్లగా తేలింది.

తేలుతూనే ఉంది.

సూర్యుడు కోటగోడ ఎక్కాడు. గోపురం ఎక్కాడు. వల్లభశాస్త్రి చేతికర్ర, తాళపత్రాల మూటతో ద్వారం దగ్గర నిలబడి ఎదురుచూస్తున్నాడు. గిన్నె మాత్రం మునగలేదు. మొదటి గడియే ముగియలేదు.

నీడలు పాదాల కిందికి వచ్చాయి. వంటశాల నుంచి గుత్తివంకాయ ఘుమఘుమ సభలోకి నడిచి వచ్చింది. దాని వెంట పనసపొట్టు కూర, దాని వెంట ఆవడలు. సేనాపతి కడుపు గట్టిగా గర్జించింది. వందిమాగధులు అలవాటు చొప్పున “ఆహా, రణభేరి!” అన్నారు.

వంటపెద్ద గుమ్మంలోకి వచ్చి, “ప్రభూ, పప్పు చల్లారిపోతోంది” అన్నాడు.

గుండన గద్దించాడు. “ఏమయ్యా, బుద్ధి ఉందా? ప్రాతఃకాలంలో ఎవరైనా పప్పన్నం తింటారా? ఘటిక చూడు, ఇంకా మొదటి గడియ!”

వంటపెద్ద గిన్నెను చూసి, నడినెత్తి సూర్యుణ్ణి చూసి, తన తల మీద తానే చెయ్యి వేసుకుని వెళ్లిపోయాడు.

రాజు గుటక వేశాడు. “అవధానీ, ఎండ కొంచెం... ఎక్కువగా లేదూ?”

అవధానులు కూడా చెమటలు కక్కుతున్నాడు. అయినా పట్టు విడవలేదు. “మహారాజా, ఘటిక తప్పదు. సూర్యుడే ఇవాళ తొందరపడి ఉంటాడు.”

“గిన్నెను ఒకసారి తీసి చూడరాదా?”

“శివ శివ! చూడడమంటే సందేహించడమే కదా ప్రభూ!” అన్నది అవధానులు కాదు, గుండన. “నిన్ననే సెలవిచ్చారు, తల ఊపాలి గాని తల దూర్చరాదని. రండి, అందరం తల ఊపుదాం.”

సభ అంతా గిన్నెను చూస్తూ తల ఊపింది. నీరసంతో కొన్ని తలలు ఊపిన వైపే ఉండిపోయాయి.

మరికాసేపటికి రాజుకు కళ్ల ముందు గిన్నె పూర్ణపు బూరెలా కనబడసాగింది. ఇక ఆగలేక సింహాసనం మీది నుంచి దిగ్గున లేచాడు.

“చాలు! మధ్యాహ్నం ఎప్పుడో దాటింది!”

“ఘటిక కాలేదంటున్నది ప్రభూ” అన్నాడు గుండన.

“ఘటిక ఏమన్నా అననీ! ఈ ఆకలి నాది! నా ఆకలి సంగతి నాకు తెలుసునా, ఆ గిన్నెకు తెలుసునా?”

గుండన ఆ మాటకు సాష్టాంగపడి లేచాడు.

“ప్రభూ! నేను గురువుగారి దగ్గర చదివినన్నాళ్లూ ఆయన మా చేత అనిపించాలని చూసినది ఈ ఒక్క మాటే. పెద్దలు చెప్పారు సరే, నాకెట్లా తెలుసు అని. మాకు పట్టడానికి ఏళ్లు పట్టింది. ఏలినవారు ఒక్క పూట పస్తుతో సాధించారు.”

రాజు ద్వారం వైపు చూశాడు. వల్లభశాస్త్రి తల వంచుకుని మీసాల చాటున నవ్వు దాచుకుంటున్నాడు.

“ముందు ఆ ఘంట మ్రోగించండి!” అని రాజు అరిచాడు.

“మ్రోగిస్తారు. అయితే మ్రోగిన క్షణమే శాసనం అమలులోకి వస్తుంది. ఘటికను కాదన్నది తామే కనుక పొలిమేర దాటవలసినవారు ఇద్దరవుతారు. గురువుగారు నడవగలరు. తమకు పల్లకి సిద్ధం చేయించమంటారా?” అన్నాడు గుండన.

రాజు ఎత్తిన చెయ్యి ఎత్తినట్లే ఆగిపోయింది. ఘంట మ్రోగితే రాజ్యం పోతుంది. మ్రోగకపోతే ప్రాణం పోయేట్లుంది.

“గుండనా!” ఈసారి ఆ కంఠంలో సింహం లేదు. “దారి చెప్పరా.”

“దారి అవధానులవారి గిన్నెలోనే ఉంది ప్రభూ. దాని ప్రకారం ఇది ఇంకా ప్రాతఃకాలం. మధ్యాహ్నం కాలేదు, శాసనం పుట్టలేదు. పుట్టనిదానిని రద్దు చేయడానికి ఎవరి అనుమతి కావాలి?”

రాజు శాసనపు తాటాకు తెప్పించి ఫెళ్లున విరిచాడు. విరుస్తూనే నవ్వు మొదలైంది. ఆ నవ్వుకు కిరీటం పక్కకు ఒరిగింది. ఇది ఏ భేరి, ఏ శంఖం అనాలో తోచక వందిమాగధులు ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు.

అప్పుడు రాజు గిన్నెను తానే తీసి, వెలుగుకెత్తి చూశాడు. వెలుగు రాలేదు. రంధ్రం నిండా గంధం.

“ఇది నీ పనేనా గుండనా?”

“నేను తాకనైనా తాకలేదు ప్రభూ. భక్తి చేయమన్నాను, అంతే. రంధ్రం మూసినది అవధానులవారి భక్తి.”

అవధానులు శాలువా తీసి ముఖం తుడుచుకున్నాడు. రాజు ఆయనను దండించలేదు. ఇకపై ప్రతి ఉదయం గిన్నెకు గంధం పూసినా సరే, నీటిలో విడిచే ముందు రంధ్రంలో నుంచి సూర్యుని వెలుగును అవధానులు తన కంటితో తానే చూసి తీరాలని మాత్రం ఆజ్ఞాపించాడు. వల్లభశాస్త్రి పాఠశాలకు మాన్యం వ్రాయించాడు. గుండన చేతికి తన కంకణం తొడగబోయాడు.

“కంకణం ఎక్కడికీ పోదు ప్రభూ. ముందు విస్తళ్లు వేయించండి. నా ఆకలి కూడా నాదే కదా!” అన్నాడు గుండన.

పెద్దఘంట మ్రోగింది. విస్తరి ముందు కూర్చుని మొదటి ముద్ద కలుపుతూ రాజు పక్కనున్న వృద్ధుణ్ణి అడిగాడు. “శాస్త్రిగారూ, మేము ఎందుకు గొప్పవారమో మీరైనా చెప్పండి.”

“నేను చెబితే అరువు మాట అవుతుంది ప్రభూ.”

రాజు ఆలోచించాడు. ముద్ద మింగాడు. మళ్లీ ఆలోచించాడు.

“అయితే,” అన్నాడు పగలబడి నవ్వుతూ, “మీ శిష్యుడితో చెప్పండి. మేము కూడా ఇంకా పరిశీలిస్తూనే ఉన్నామని.”