నొప్పి తెలియని కొడుకు

ఆటలో కిందపడి ఏడ్చినవాణ్ని చూసి పిరికివాడని నవ్వావు కదూ? ఆ నవ్వు ఆపి ఇలా కూర్చో. నొప్పి అంటే నీకు చులకన. నీకంటే చులకన చేసినవాడి సంగతి చెబుతాను, విను.

విజయనగరం పక్కన కోరాడపేటలో గౌరునాయుడు అని బరువులెత్తడం నేర్పే మాస్టారు ఉండేవాడు. పనిలో గట్టివాడే గాని, ఓటమిని మింగలేని మనిషి. వయసులో ఉండగా ఒక పెద్ద పోటీలో భుజం నొప్పికి తాళలేక ఎత్తిన బరువుల బార్ వదిలేశాడు. పతకం ఇంకొకడి మెడలో పడింది. అప్పటి నుంచి నొప్పి అనే మాట వింటేనే అతనికి ఒళ్లు మండేది.

అయినా అతని దగ్గర నేర్చుకున్న పిల్లలెవరికీ నడుము దెబ్బతినలేదు. ఎందుకంటే అతను బరువు కంటే ముందు ముఖం చూసేవాడు. ఎత్తేవాడి కనుబొమలు ముడిపడి పెదవి వంకర పోగానే, "చాల్లేరా, దించు" అని కసిరి బార్‌కు తొడిగిన ఇనుప ప్లేట్లు తీసేసేవాడు. ముఖం ఎంత చెబితే అంతే బరువు. అది అతని పద్ధతి.

గౌరునాయుడికీ భార్య వరహాలమ్మకూ పుట్టిన మొదటి కొడుకు ఒంట్లో రక్తం సరిగా తయారుకాని జబ్బుతో పసితనంలోనే పోయాడు. ఆ జబ్బు తల్లిదండ్రులిద్దరి వైపు నుంచీ వచ్చిందని, మళ్లీ పుట్టే బిడ్డకూ రావచ్చని డాక్టర్ సుభాషిణి చెప్పింది.

"కానీ భయపడకండి. పిండంగా ఉన్నప్పుడే ఆ జన్యువును సరిచేసే వైద్యం వచ్చింది. బిడ్డ ఆరోగ్యంగా పుడతాడు" అంది.

వరహాలమ్మ రెండు చేతులూ ఎత్తి దణ్ణం పెట్టింది. గౌరునాయుడు మాత్రం కుర్చీ ముందుకు లాక్కున్నాడు.

"ఎలాగూ చెయ్యి పెడుతున్నారు కదండీ. నొప్పి తెలిసే జన్యువు కూడా ఒకటి ఉంటుందట. అదీ తీసెయ్యండి."

"ఎందుకు?"

"నా కొడుకు బార్ వదలకూడదు."

డాక్టర్ ముఖం బిగుసుకుంది. "నాయుడుగారూ, అది జబ్బు కాదు. ఇంట్లో నిప్పంటుకుంటే కేకవేసే కాపలావాడు. వాడి నోరు నొక్కమంటే నేను నొక్కను."

"రోగం పోతే చాలండీ, ఇంకేం వద్దు" అని వరహాలమ్మ భర్త చెయ్యి పట్టుకుంది.

అతను వినలేదు. అడిగిందల్లా చేసిపెట్టే ఆసుపత్రి ఇంకోచోట వెతికాడు. అక్కడైతే పని త్వరగా అవుతుందని భార్యకు అబద్ధం చెప్పి తీసుకెళ్లాడు. అక్కడి డాక్టరు ఎందుకని అడగలేదు.

భీమేశ్ పుట్టాడు. రక్తంలో ఏ దోషమూ లేదు. సూది గుచ్చినా ఏడవలేదు. పళ్లు వచ్చాక నాలుక కొరుక్కుని, నోరంతా నెత్తురై కూడా నవ్వుతూనే ఉన్నాడు. ఒకనాడు కాలుతున్న పెనం మీద చెయ్యి ఆనించి, "అమ్మా, ఏదో మాడు వాసన వస్తోంది" అన్నాడు.

వరహాలమ్మ ఆ రోజే భర్తను నిలదీసి నిజం చెప్పించింది. ఏడ్చింది. కళ్లు తుడుచుకుని ఒక నియమం పెట్టుకుంది. రోజూ సాయంత్రం స్నానం అయ్యాక కొడుకును వాకిట్లో వెలుతురుకు నిలబెట్టి, అరికాలి నుంచి నడినెత్తి దాకా తడిమి చూసేది. గుచ్చుకున్న ముల్లు, విరిగిన వేలు, లోపలి జ్వరం అన్నీ ఆమె చేతికే తెలిసేవి. కొడుకు ఒంట్లో లేని నొప్పి ఆమె వేళ్లలో ఉండేది.

భీమేశ్ ఎదిగి బరువులెత్తసాగాడు. గౌరునాయుడు అలవాటుగా ముఖం చూసేవాడు. ఆ ముఖం మారేది కాదు. ఇంకో ప్లేటు వేసేవాడు.

"మాస్టారూ, వీడి ముఖం చూసి బరువేస్తే రేపు లారీ ఎత్తిస్తారు మీరు" అన్నాడు ఎర్రినాయుడనే కుర్రాడు.

"నీ ముఖం చూస్తే చీపురు కూడా ఎత్తించబుద్ధి కాదు. పోరా!"

అందరూ నవ్వారు. అందరికంటే గట్టిగా గౌరునాయుడు నవ్వాడు.

రాష్ట్ర పోటీలు దగ్గరపడ్డాయి. "మీసాలొస్తున్న మగాణ్ని వాకిట్లో నిలబెట్టి తడుముతావేంటి? చూసినవాళ్లు నవ్వుతున్నారు" అని భార్యను మాన్పించాడు. కొడుకును వ్యాయామశాలలోనే ఉంచేశాడు.

పోటీ ముందురోజు వరహాలమ్మ అన్నం క్యారేజీ పట్టుకెళ్లింది. కొడుకు ముద్ద ముట్టలేదు. నుదురు తాకితే కాలిపోతోంది.

"ఏమండీ, వీడికి ఒళ్లు పేలిపోతోంది. ఆసుపత్రికి తీసుకెళ్దాం."

"తినకపోతే మంచిదేలే. రేపు ఒంటి బరువు తూస్తారు, ఎక్కువుంటే పోటీలోకి రానివ్వరు, కాస్త తగ్గాలి" అన్నాడు గౌరునాయుడు. అయినా కొడుకు పొట్ట మీద చెయ్యి వేసి నొక్కాడు. "నొప్పిగా ఉందేంట్రా?"

"లేదు నాన్నా."

"విన్నావా?" అన్నాడు భార్యతో.

"ఎవర్ని అడుగుతున్నారండీ? వాడికి నొప్పి ఎప్పుడుంది? తీయించింది మీరే కదా!"

గౌరునాయుడు కొడుకు పొట్ట మీంచి చెయ్యి తీశాడు. అప్పుడు లేచి ఉంటే కొడుకు దక్కేవాడు. అతను గోడకు ఆనించిన బార్ వైపు చూశాడు.

"పోటీ అయ్యాక చూద్దాం" అన్నాడు.

మర్నాడు భీమేశ్ అందరికంటే ఎక్కువ బరువు తలపైకి ఎత్తి నిలబెట్టాడు. ముఖంలో ఒక్క గీత లేదు. చప్పట్లు మోగుతుండగా వేదిక దిగి, పక్కనే కూలిపోయాడు.

ఆసుపత్రిలో డాక్టరు గౌరునాయుడి మీద విరుచుకుపడ్డాడు. "అపెండిక్సు ఎప్పుడో పగిలింది. కడుపంతా చీము. ఇంకో పిల్లవాడైతే అరిచి ఊరంతా లేపేవాడు. ఇంతవరకు ఏం చేస్తున్నారు?"

"వాడు చెప్పలేదండి" అన్నాడు గౌరునాయుడు. అన్నాక తన మాట తనకే వినిపించింది.

భీమేశ్ కళ్లు తెరిచాడు. "నాన్నా, అమ్మ ఎందుకు ఏడుస్తోంది? నాకేం నొప్పి లేదు కదా" అన్నాడు. తెల్లారేలోగా తండ్రి చేతుల్లోనే పోయాడు.

వరహాలమ్మ భర్తను ఎన్నడూ 'నువ్వు' అని ఎరగదు. ఆ రోజు అంది. "మొదటివాణ్ని రోగం తీసుకుపోయింది. వీణ్ని నువ్వు తీసుకుపోయావు." అట్నుంచటే తమ్ముడింటికి వెళ్లిపోయింది. మళ్లీ ఆ గడప తొక్కలేదు.

గౌరునాయుడు కొన్నాళ్లు పిల్లలకు నేర్పబోయాడు. ఎవడి కనుబొమ ముడిపడినా బార్ లాక్కుని, "నొప్పా? ఎక్కడ నాయనా? చెప్పు, చెప్పు" అని వాణ్ని పట్టుకుని ఏడ్చేవాడు. పిల్లలు భయపడి మానేశారు. వ్యాయామశాలకు తాళం పడింది. బతుకంతా ముఖాలు చదివినవాడు, ప్రాణం పోతున్న కొడుకు ముఖంలో ఒక్క మాట చదవలేకపోయాడు. చచ్చేదాకా ఆ ముఖమే అతని కళ్ల ముందు నిలిచింది. అదీ అతను చెల్లించిన మూల్యం.

బిడ్డ రోగాన్ని మాన్పే విద్యను చేతులెత్తి మొక్కి వాడుకో. కానీ నీ గెలుపు కోసం, వాణ్ని కాపాడడానికి పుట్టిన నొప్పిని తీసివేస్తే, వాణ్ని నీ చేతులతో నువ్వు చంపుకున్నట్టే.