మట్టిగుట్ట మీద ముత్తవ్వ

అనగనగా అంటే నిన్నటి మాట కాదు, మన తాతల తాతలు కూడా పుట్టకముందు మాట. కేసరిసీమను చంద్రకీర్తి అనే రాజు ఏలుతుండేవాడు. ఆ సీమలోని ఇప్పలపాడు పొలాల కింద ఒకనాడు బొగ్గు బయటపడింది!

"మీ భూములివ్వండి. బొగ్గు తీసుకుని, మళ్లీ పచ్చగా చేసి మీకే ఇస్తాను" అని రాజు రైతులకు మాట ఇచ్చాడు.

ఇక చూడాలి ఆ సందడి! ఢాం ఢాం అని రాళ్లు పేలాయి. తవ్విన మట్టి గుట్టగా పెరిగింది. బొగ్గుబండ్లు బారులు తీరాయి. ఊరూరా కొలుములు భగభగ మండాయి. ఇరవై ఏళ్లకు బొగ్గు అయిపోయింది. పెద్ద గొయ్యి, బోడి గుట్ట మిగిలాయి.

"దీన్ని పచ్చగా చేసేవారెవరు?" అని రాజు దండోరా వేయించాడు.

మొదట రాజుగారి తోటమాలి నాగదత్తుడు పూలచెట్లను వేళ్లతో సహా తెచ్చి నాటాడు. ఆ రాతిమట్టిలో అవి పదిరోజులకే మాడిపోయాయి. తరువాత గోవిందశ్రేష్ఠి అనే వర్తకుడు వేయిమందిని పెట్టి గుట్టంతా జొన్నలు చల్లించాడు. తొలకరికే మట్టీ విత్తనాలూ వాగు పాలయ్యాయి.

మూడోసారి ముత్తవ్వ ముందుకొచ్చింది. ఆ గొయ్యిలోనే ఇరవై ఏళ్లు బొగ్గు కొట్టిన మనిషి.

"రెండు వానాకాలాలు గడువిస్తున్నాను" అన్నాడు రాజు. "అప్పటికీ కాకపోతే ఇప్పలపాడును వేరేచోటికి తరలిస్తాను."

ముత్తవ్వ ఊరివాళ్లను పిలిచింది. "ఉరికే నీళ్లు మట్టిని ఉంచవు బిడ్డలారా! ముందు నీళ్లను నడిపిద్దాం."

అందరూ కలిసి గుట్టకు మెట్లు మెట్లుగా గట్లు కట్టారు. గడ్డి గింజలూ జనుమూ చల్లి, మధ్య మధ్య కానుగ, వేప మొక్కలు నాటారు. అంతలో కుండపోత వాన! రెండో గట్టు తెగింది!

"రాళ్లు! ఇటు రాళ్లు!" అని ముత్తవ్వ కేక వేసింది. ఊరంతా వరుసగా నిలబడి రాళ్లందించారు. గట్టు నిలిచింది!

రెండో వానాకాలమూ గడిచింది. గడువు ముగిసే రోజు గోవిందశ్రేష్ఠి వచ్చి ముత్తవ్వ చెవిలో అన్నాడు. "అడవిలో కొమ్మలు నరికి ఇక్కడ గుచ్చు. దూరం నుంచి చూస్తే వనమే అనుకుంటారు. నీ ఊరు దక్కుతుంది."

ముత్తవ్వ ఊరి వైపు చూసింది. అయినా తల అడ్డంగా ఊపింది.

రాజు వచ్చాడు. "వనమేదీ?"

"లేదు ప్రభూ. గడ్డే మొలిచింది. మొక్కలు మోకాలెత్తు కూడా రాలేదు. కానీ ఈ మట్టి చూడండి" అంటూ ముత్తవ్వ చేత్తో తవ్వింది.

తడిమట్టిలోంచి వానపాము మెలికలు తిరుగుతూ బయటికొచ్చింది! రాజు దాన్ని అరచేతిలోకి తీసుకుని ఆనందంతో అరిచాడు. "ప్రాణం వచ్చింది! ఈ నేలకు ప్రాణం వచ్చింది! ముత్తవ్వా, నీకు గడువే లేదు, ఎన్నేళ్లు పట్టినా సరే!"

ఆరేళ్లకు గుట్ట మీద కానుగలూ వేపలూ గుబురుగా పెరిగాయి. గొయ్యి నిండా నీళ్లు, నీళ్ల నిండా చేపలు, వాటి కోసం కొంగలు! రాజు రైతులందరినీ పిలిచి, గుట్ట కిందా గొయ్యి చుట్టూ సాగుకు వచ్చిన నేలను ఎవరి వాటా వారికి అప్పగించాడు. నాగళ్లు కదిలాయి, ఊరు ఊరంతా ఈలలు వేసింది.

పిల్లలూ, నేలను బాగుచేయాలంటే ఓపిక కావాలి, ఆ ఓపికకు గడువు దొరకాలంటే ఉన్నది ఉన్నట్టు చెప్పే ధైర్యం కావాలి.