పన్నెండో అర

ఎక్స్‌ప్రెస్సు ఆగని ఒక ఊళ్లో ఒకాయన దగ్గర పదకొండు ఇంజన్లుండేవి.

బొమ్మ ఇంజన్లే. జానెడు పొడుగు, బెత్తెడు ఎత్తు. కీ ఇస్తే పరిగెడతాయని, కూత కూడా వేస్తాయని చెబుతారు. చెబుతారు అనడం ఎందుకంటే ఆయన ఏనాడూ కీ ఇచ్చి ఎరగడు. తిరిగింది అరుగుతుంది, అరిగింది పోతుంది అని ఆయన సిద్ధాంతం. కీలన్నీ గుడ్డలో మూటగట్టి బీరువా పైన పెట్టాడు.

అసలు ఇంజన్లు వేరే ఉండేవి. వాటిని పక్షి తరగతి అనేవారు. నల్లటి ఆవిరి ఇంజన్లు, మొత్తం పన్నెండు. రాజహంస, గరుడ, కొంగ, గోరువంక, అలా ఒక్కోదానికి ఒక్కో పిట్ట పేరు. ఎక్స్‌ప్రెస్సుల్ని అవే లాగేవి. చిన్నప్పుడు ఆయన గేటు దగ్గర నిలబడి అన్నిటికీ చెయ్యి ఊపేవాడు. ఒక్కటీ ఆగలేదు. ఆగడానికి ఆ ఊళ్లో ఏముంది కనక. బొగ్గు నుసి వచ్చి కళ్లలో పడేది. డ్రైవరు ఇచ్చిన జవాబు అదే అనుకుని కళ్లు నులుముకుంటూ ఇంటికి వెళ్లేవాడు.

తర్వాత ఆవిరి పోయింది, కరెంటొచ్చింది, పక్షులన్నీ తుక్కులో కలిశాయి. అప్పుడు ఆయన వాటి బొమ్మల్ని పోగెయ్యడం మొదలుపెట్టాడు. ముప్పయ్యేళ్లకి పదకొండు పక్షులు వచ్చి ఆయన అద్దాల బీరువాలో ఆగాయి. పన్నెండో అర ఖాళీ. దాని మీద 'పాలపిట్ట' అని చీటీ మాత్రం ఉంది.

ఆ బీరువా ఆయన భార్యకి పుట్టింటివాళ్లు ఇచ్చింది. ఆవిడ చీరలు ఎప్పుడో మంచం కిందికి వెళ్లిపోయాయి.

"ఒక్కదానికి కీ ఇవ్వండి, కూత ఎలా ఉంటుందో విని పోతాను," అనేది ఆవిడ.

"పన్నెండూ రానీ."

"ఊళ్లో అందరికీ దసరాకి కనబడుతుంది పాలపిట్ట. మీకే మొహం చాటేసింది."

ఆయనకి నవ్వొచ్చేది, కానీ నవ్వేవాడు కాదు. బొమ్మ ఇంజన్లవాళ్లకి ఒక సంఘం ఉంది. పన్నెండూ చేర్చినవాడికి వాళ్లు 'సంపూర్ణం' అని చెక్కిన ఇత్తడి ఫలకం ఇస్తారు. పక్షి తరగతికి ఇంతవరకూ ఎవరూ పుచ్చుకోలేదు. తన వెర్రికి ఒక ముద్ర పడితే, అప్పుడది వెర్రి కాదని ఆయన ఆశ.

ఒకనాడు జంక్షన్నించి వచ్చిన కూరలాయన, "మీ పాలపిట్ట అక్కడ ఇడ్లీ హోటల్లో చట్నీ మోస్తోందండీ," అన్నాడు. ఇంజన్లాయన చెప్పులు వేసుకోవడం కూడా మరిచి బస్సెక్కాడు.

నిజమే. హోటల్లో చుట్టూతా బల్ల, బల్ల మీద పట్టాలు. పాలపిట్ట రెండు డబ్బాలు లాక్కుంటూ తిరుగుతోంది. ఒక దాన్లో కొబ్బరి చట్నీ, రెండోదాన్లో అల్లం. ప్రతి కుర్చీ ముందూ చిన్న సిగ్నలు రెక్క. రెక్క అడ్డంగా ఎత్తితే బండి ఆగుతుంది, చట్నీ వేసుకుని దించితే పోతుంది. లోకోషెడ్డులో ఫిట్టరుగా చేసిన హోటలమ్మ మామగారు పెట్టిపోయిన ఏర్పాటది. ఆ హోటల్లో చట్నీ ఎవరూ చేత్తో వడ్డించరు.

పాలపిట్టకి రంగు పోయింది. ఒక చక్రం బదులు చొక్కా గుండీ ఉంది. ఆయన గల్లాపెట్టె దగ్గరికి వెళ్లాడు.

"అమ్మా, ఇది నాకివ్వండి. అద్దాల్లో పెట్టి చూసుకుంటాను."

"మరి నా చట్నీ ఎవరు తిప్పుతారు బాబుగారూ? మీ దగ్గర ఇంకోటేదన్నా ఉంటే పనిలో పెట్టి తీసుకెళ్లండి. మనిషి సెలవు పెడితే బదిలీ మనిషిని చూపించొద్దా?"

ఆయన ఆ రాత్రి పదకొండింటి ముందూ కూర్చుని ఎవర్ని పంపాలా అని చూశాడు. చివరికి కొంగ ముక్కు దగ్గర చిన్న సొట్ట కనబడింది. మర్నాడు కొంగనిచ్చి పాలపిట్టని తెచ్చాడు. ఒళ్లో పెట్టుకుని, బస్సులో ఎవరినీ పక్కన కూర్చోనివ్వకుండా తెచ్చాడు. పన్నెండో అరలో పెట్టి తలుపు మూసి, భార్యని పిలిచాడు.

ఆవిడ వేలుపెట్టి చూపిస్తూ ఈ చివర్నించి ఆ చివరికి వెళ్లింది.

"పదకొండే ఉన్నాయి కదండీ."

ఆయన కూడా చూశాడు. కొంగ అర ఖాళీగా నవ్వుతోంది. పాలపిట్ట ఆనందంలో ఆయనకి ఈ సంగతి తట్టనేలేదు. బస్సులో అంతసేపు కూర్చున్నా తట్టలేదు.

తెల్లారేసరికి బీరువా నిండా చీమలు. పాలపిట్ట ఒంట్లో ఇరవయ్యేళ్ల చట్నీ ఉంది మరి.

ఆదివారం ఆయన కొంగని వెనక్కి తేవడానికి గోరువంకని పట్టుకుని వెళ్లాడు. అప్పుడు గోరువంక అర ఖాళీ. పై ఆదివారం గోరువంక కోసం గరుడ. ఈ పద్ధతిలో ఎన్నటికీ పదకొండే అని ఆయనకి మూడో వారానికి బోధపడింది. కానీ మానలేదు.

మానకపోవడానికి కారణం ఉంది. గరుడ మొదట కదలలేదు. ముప్పయ్యేళ్లు కూర్చున్న కీళ్లు. హోటలమ్మ దోసెపెనం పక్కనున్న నూనె ఒక్క చుక్క పోసింది. ఆయన కళ్లు మూసుకున్నాడు. కీ ఇచ్చిన చప్పుడు, తర్వాత కూత. కళ్లు తెరిచేసరికి గరుడ మూల తిరిగి తన మీదికే వస్తోంది. ఆయన చెయ్యి తనంతట తనే సిగ్నలు ఎత్తింది.

గరుడ ఆగింది. ఆయన ముందు ఎక్స్‌ప్రెస్సు ఆగడం అదే మొదలు. చట్నీ వేసుకోవడం మరిచిపోయి చూస్తూ కూర్చున్నాడు.

"సిగ్నలు దించండి బాబూ," అన్నాడు పక్క కుర్చీ ఆయన. "లైనులో మేమూ ఉన్నాం. ఇడ్లీ చల్లారిపోతోంది."

ఆ పై వారం నుంచి భార్య కూడా వెంట రాసాగింది. కూత వినడానికే అనేది. తినేది మాత్రం నాలుగిడ్లీలు. తినడానికి వచ్చేవాళ్లు, "ఈ వారం ఏ పిట్టండీ?" అని అడిగేవారు.

ఇలా ఉండగా, పాలపిట్ట దొరికిందని ఆయన రాసిన కార్డుకి సంఘం నుంచి ఉత్తరం. సోమవారం మధ్యాహ్నం తనిఖీదారు వస్తాడు, పన్నెండూ ఒక్కచోట చూపించాలి.

"దానికేం, తీసుకెళ్లండి," అంది హోటలమ్మ. "ఒక్కరోజుకి చేత్తోనే వడ్డిస్తాను. మా మామగారు పైనుంచి చూసి తిట్టుకుంటే తిట్టుకుంటారు."

సోమవారం పొద్దున్నే ఆయన హోటలుకి వెళ్లాడు. ఆ వారం డ్యూటీ రాజహంసది. డబ్బాల నుంచి విప్పేముందు ఒక్క చుట్టు చూద్దామని, తిరిగొచ్చేసరికి ఆగేలా సిగ్నలు ఎత్తి కూర్చున్నాడు. ఎదురు బల్ల దగ్గర ఒక ముసలాయన. ఒకప్పుడు ఆ దారిన పక్షుల్ని నడిపిన డ్రైవరట, చూపు ఆనదట. రాజహంస కూత వేసింది. ఇంజన్లాయన తెలియకుండానే దానికి చెయ్యి ఊపాడు. ఎదురుగా చెయ్యేదో ఊగడం ముసలాయనకి మసగ్గా కనబడినట్టుంది. తనకే అనుకుని, చట్నీ చెయ్యి ఎత్తి తిరిగి ఊపాడు.

యాభయ్యేళ్లు ఆలస్యంగా వచ్చింది జవాబు.

ఆయన కళ్లు నులుముకున్నాడు. బొగ్గు నుసి ఏమీ లేదు. సిగ్నలు దించేసి, ఖాళీ చేతులతో బస్సెక్కాడు.

తనిఖీదారు భూతద్దంతో బీరువా అంతా చూశాడు.

"పదకొండే ఉన్నాయి."

"పన్నెండోది డ్యూటీలో ఉందండీ."

"డ్యూటీ ఏమిటి?"

"చట్నీ."

తనిఖీదారు భూతద్దాన్ని జేబులో పెట్టుకున్నాడు. "చూడండి, ఈ చక్రాలన్నీ అరిగి ఉన్నాయి. నా దగ్గర చిలక తరగతని వేరేవి ఆరున్నాయి, ఇంతవరకూ గాలి కూడా తగలనివ్వలేదు. మీకు ఫలకం ఇవ్వడం కుదరదు."

"కుదరదనే అనుకున్నానండీ," అన్నాడాయన. "జంక్షన్లో రైలుకి రెండు గంటలు టైముంటుంది మీకు. ఆకలైతే స్టేషనెదురుగా ఇడ్లీ బావుంటుంది."

పై ఆదివారం ఆయనా భార్యా హోటల్లో కూర్చుని ఉన్నారు. రాజహంస వచ్చి ఆగింది. అల్లం చట్నీ డబ్బాలో గరిట పక్కన కాగితంలో చుట్టిన పొట్లం.

"సోమవారం ఒకాయన ఇచ్చి వెళ్లాడు, మీకివ్వమని," అంది హోటలమ్మ. "మూడుసార్లు చట్నీ వేసుకున్నాడు బాబుగారూ. మూడుసార్లూ సిగ్నలు దించడు. పక్కవాళ్లు గోల పెడితేగానీ లేవలేదు."

పొట్లంలో ఇత్తడి ఫలకం.

ఇంటికొచ్చి ఎక్కడ పెట్టాలా అని ఆయన బీరువా ముందు చాలాసేపు నిలబడ్డాడు. చివరికి, ఆ పొద్దున్నే పనిలోకి వెళ్లిన చకోరం అర మీద పెట్టాడు.

"ఏమీ లేని అరకా సంపూర్ణం?" అంది భార్య.

వారానికోసారి మార్చాల్సి ఉంటుందని, మేకు కొట్టకుండా ఆయన కొక్కెం పెట్టి తగిలించాడు.

తెల్లారేసరికి ఫలకం మీద చీమలు బారులు తీరాయి. ఆయన చూశాడు, తుడవలేదు.