చుక్కల దుప్పి వెళ్ళొస్తానంది

కాళ్ళు కడుక్కున్నావా? కడుక్కోకుండానే మంచమెక్కావు కదూ, దొంగమొహమా. సరేలే, దా, ఇటు జరుగు. ఇవాళ నీకు కాళ్ళు కడుక్కునే కథే చెప్తాను.

అనగా అనగా అడవి మొదట్లో ఒక ఊరు. ఆ ఊళ్ళో అన్నిటికంటే చివరి ఇల్లు కాశమ్మది. దాని వెనక ఇంక ఊరు లేదు, కొండే. చైత్రమాసం వచ్చిందంటే కొండమీంచి ఇప్పపూల వాసన ఇంట్లోకి వచ్చేది. వేపపూత రాలి వాకిలంతా తెల్లగా అయిపోయేది.

కాశమ్మ ఇంటికి ఒక పద్ధతి ఉంది. గడప బయట ఒక రాతితొట్టి, దాని నిండా నీళ్ళు. ఎవరొచ్చినా ముందు ఆ నీళ్ళతో కాళ్ళు కడుక్కోవాలి. కడుక్కున్నారంటే వాళ్ళు చుట్టాలే. చుట్టాల్ని ఆ ఇంట్లో ఎవరూ పొమ్మనరు. వాళ్ళే లేచి ‘వెళ్ళొస్తాం’ అని చెప్పి వెళ్ళాలి. ‘వెళ్తాం’ అంటే మాత్రం కాశమ్మకు ఎక్కడలేని కోపం. అలా అన్నవాళ్ళు మళ్ళీ రారని ఆవిడ భయం.

ఆవిడకో మనవరాలు. పేరు భ్రమరాంబ, అందరూ పిలిచేది బమ్మి. ఏడేళ్ళది. అచ్చం నీలాగే, చెప్పిన మాట వినదు, చెప్పని మాటలన్నీ వింటుంది.

బమ్మికి ఒక దిగులు ఉండేది. అంతకుముందు ఒక చిలకపిల్లను పెంచింది. రెక్కలు రాగానే అది ఎగిరిపోయింది. ఆ తర్వాత ఒక ఉడుతపిల్లకు దూదితో పాలు పట్టింది. అదీ ఒకరోజు చెట్టెక్కి మళ్ళీ దిగలేదు. రెండూ వెళ్ళొస్తామని చెప్పలేదు కాబట్టి ఇంక రావని బమ్మి రోజుల తరబడి ఏడ్చింది. మళ్ళీ ఎవరినీ పెంచనని ఒట్టు కూడా పెట్టుకుంది.

అప్పుడు కాశమ్మ వాళ్ళ అన్న, సుంకన్న తాత, చుట్టపుచూపుగా వచ్చాడు. బంగారంలాంటి మనిషి, కానీ చెవుడు. ఉప్పు తెమ్మంటే చెప్పు తెచ్చేవాడు. వచ్చిన మర్నాడు ఆయన కప్పుకున్న దుప్పటి, తెల్ల చుక్కల ఎర్ర దుప్పటి, కాశమ్మ ఉతికి పశువుల కొట్టం ముందు దండెం మీద ఆరేసింది.

ఆ మిట్టమధ్యాహ్నం, కన్నా, కొండ దిగి ఒక దుప్పి వచ్చింది. ఒళ్ళంతా చుక్కలు. నిండు చూలుతో ఉంది, రొప్పుతోంది. దాన్ని చూసి కుక్క నోరు తెరిచి అరవడం మర్చిపోయింది. కోళ్ళు గీరడం ఆపేశాయి. కొట్టంలో గేదె నెమరు వెయ్యడం మానేసి అలాగే చూసింది. ఆ కళ్ళు చూడాలి నువ్వు, అంత పెద్ద కళ్ళు, అందులో వాకిలంతా కనపడుతోంది.

అది మెల్లగా వచ్చి, ముందుకాళ్ళు రెండూ తొట్టిలో పెట్టి, వంగి నీళ్ళు తాగింది.

బమ్మి చిన్నగా అంది, “అవ్వా, కాళ్ళు కడుక్కుంది.”

కాశమ్మ చేతిలో చేట పక్కన పెట్టింది. “అయితే చుట్టమే,” అంది.

ఆ తర్వాత దుప్పి తనంతట తానే దుప్పటి కిందనుంచి దూరి కొట్టంలోకి వెళ్ళి, గేదె పక్కన పడుకుంది. గేదె కాస్త జరిగి చోటిచ్చింది. బమ్మి కూడా వెనకే వెళ్ళి గడ్డిమోపు చాటున కూర్చుంది.

కాశమ్మ నీళ్ళకని బావికి వెళ్ళింది. అప్పుడు వచ్చారు ముగ్గురు వేటగాళ్ళు, భుజాల మీద వలలతో. అరుగు మీద సుంకన్న తాత ఒక్కడే ఉన్నాడు. బమ్మి గడ్డిమోపు వెనక ఇంకా ఒదిగి కూర్చుంది.

“తాతా, ఈ పక్కకు చుక్కల దుప్పి వచ్చిందా?” అని అడిగారు.

“చుక్కల దుప్పటా? ఉంది నాయనా. పొద్దున్నే మా చెల్లెలు ఉతికి ఆరేసింది. అదిగో, చూసుకోండి,” అని తాత దండెం చూపించాడు.

ముగ్గురూ దుప్పటి దగ్గరికి వచ్చారు. ఒకడు దాన్ని తడిమి చూశాడు. వాడి చెయ్యికీ దుప్పి ముక్కుకూ మధ్య ఉన్నది ఆ తడిబట్ట ఒక్కటే. బమ్మి ఊపిరి బిగబట్టింది, దుప్పీ బిగబట్టింది. అప్పుడు ముగ్గురూ విరగబడి నవ్వి, ముసలాయనతో మనకెందుకని వాగు దారి పట్టారు. ఏమి పోయిందని వెతుక్కుంటున్నారో పాపం అని తాత బమ్మినే అడిగాడు.

ఆ సాయంత్రమే దుప్పి ఈనింది. మొదటిరోజు పిల్ల మూడుసార్లు లేచి మూడుసార్లు పడింది. రెండోరోజు నిలబడి పాలు తాగింది. మూడోరోజు కుక్క చుట్టూ గెంతింది. ఒట్టు సంగతి బమ్మి ఎప్పుడో మర్చిపోయింది.

నాలుగోరోజు తెల్లవారుతుండగా దుప్పి పిల్లతో బయటికొచ్చింది. వాకిలి దాటింది, కంచె దాటింది. ఇదీ చెప్పకుండానే పోతోందని బమ్మి అవ్వ కొంగు పట్టుకుంది. అప్పుడు దుప్పి ఆగింది. వెనక్కి తిరిగి ఇంటిని చూసింది. ముందుకాలితో నేలమీద ఒక్కసారి తట్టి, కొండెక్కి వెళ్ళిపోయింది.

“చెప్పింది, విన్నావా?” అంది కాశమ్మ.

బమ్మి నమ్మలేదు. కానీ ఆ రోజునుంచీ తొట్టిలో నీళ్ళు నింపే పని మాత్రం ఇంకెవరికీ ఇవ్వలేదు. వానలు పోయాయి, చలి పోయింది. రోజూ నింపింది, రోజూ కంచె దాకా వెళ్ళి చూసింది.

మళ్ళీ చైత్రం వచ్చింది. సుంకన్న తాతా వచ్చాడు. ఒక మిట్టమధ్యాహ్నం కుక్క మళ్ళీ నోరు తెరిచి అరవడం మర్చిపోయింది. కంచె దగ్గర దుప్పి! దాని పక్కన ఏపుగా ఎదిగిన పిల్ల. రెండూ నిదానంగా నడిచి వచ్చాయి. దారి ఎవరు నేర్పారో మరి, ఆ పిల్ల నేరుగా తొట్టి దగ్గరికెళ్ళి ముందు కాళ్ళు నీళ్ళలో పెట్టింది. బమ్మికి ఒళ్ళంతా పులకరించింది, కళ్ళవెంట నీళ్ళు వాటంతటవే కారాయి.

“తాతా, దుప్పి వచ్చింది,” అంది.

“దుప్పటా? ఎవరికమ్మా?” అన్నాడు తాత.

“చుట్టాలకి,” అంది బమ్మి.

ఇంక కళ్ళు మూసుకో నాన్నా. రేపు మాత్రం కాళ్ళు కడుక్కునే రావాలి, సరేనా?

కథేమో కంచికి వెళ్ళొస్తానంది,
కన్నేమో నిద్రలోకి వెళ్ళొస్తానంది,
నువ్వూ వెళ్ళిరా నా చిన్ని చుట్టమా,
పొద్దున్నే మన ఇంటికి వచ్చేసెయ్యమ్మా.