పేరు చెరిపిన గిన్నెలు

మా నిడదవోలు స్టేషను వెనక వీధిలో భ్రమరాంబ అనే ఇల్లాలు ఉండేది. పెట్టడంలో ఆమె చేతికి ఎముక లేదు గానీ, తన గిన్నె ఒక్క పూట పరాయి ఇంట్లో ఉండిపోతే ఆమెకు ముద్ద దిగేది కాదు.

ఆ గిన్నెల సంగతి నాకు తెలిసినంతగా ఆమె భర్తకు కూడా తెలియదు. వాటి మీద పేర్లు చెక్కినవాణ్ణి నేనే. స్టీలు సామాన్ల కొట్టు అరుగు మీద నలభై ఏళ్ళు కూర్చున్నాను. నా ఉలి తగలని గిన్నె పట్టుకుని ఆ చుట్టుపక్కల ఏ పెళ్ళికూతురూ కాపురానికి వెళ్ళలేదు. ఒక ఆసామి పంతానికి పోయి, ఉగ్గుగిన్నె అడుగున ఏడు తరాల పేర్లు చెక్కమన్నాడు. చెక్కాను. ఎనిమిదో తరానికి చోటు కూడా మిగిల్చాను. నా టకటక విని సిగ్నలు పడిందనుకుని మెయిలు బండి ఆగిపోయిందని గార్డు స్వయంగా వచ్చి చెప్పాడు. నమ్మకపోతే పోనీండి. ఇప్పుడు చెప్పబోయేది మాత్రం నమ్మండి. ఇందులో నా గొప్ప చివరికి నన్నే కరిచింది.

ఆ రోజుల్లో గిన్నె మీద పేరు చెక్కించేది దొంగల భయంతో కాదు. గిన్నె అన్నాక నాలుగిళ్ళు తిరుగుతుంది. ఈ ఇంటి పులుసు ఆ ఇంటికి వెళుతుంది, ఆ ఇంటి పచ్చడి ఈ ఇంటికి వస్తుంది. పేరుంటే గిన్నె దారి తప్పకుండా ఇల్లు చేరుతుంది. ఇంకో కట్టుబాటు కూడా ఉండేది. నిండుగా వచ్చిన గిన్నెను ఖాళీగా తిప్పి పంపకూడదు. గుప్పెడు కరివేపాకో, రెండు నిమ్మకాయలో వేసి ఇచ్చేవారు. ఏమీ లేని ఇల్లయితే చిటికెడు పంచదార వేసి ఇచ్చేది. అలా ఇచ్చాక ఇద్దరూ సమానమే. ఎవరూ ఎవరి ముందూ తల దించుకోనక్కర్లేదు.

భ్రమరాంబ ఇంటి పిట్టగోడకు అవతల పేరిందేవి ఉండేది. అరవై దాటిన మనిషి. భర్త పోయాడు, పిల్లలు లేరు. విస్తళ్ళు కుట్టి బతికేది. ఆమె కుట్టిన విస్తరిలో నేను చెంబెడు నీళ్ళు పోసి పూటంతా కాపలా కాశాను. అడుగున చెమ్మ కూడా తగల్లేదు. ఆమె వంటింట్లో పారేసే వస్తువంటూ ఉండేది కాదు. బిస్కట్ల డబ్బాలో బియ్యం పోసేది. కాఫీ సీసాలో చింతపండు పెట్టేది. నూనె డబ్బాను సగానికి కోయించి, అందులో పచ్చిమిరప మొక్క పెంచేది. పెరట్లో కరివేపాకు చెట్టు ఒకటి ఉండేది. అంతే ఆమె ఆస్తి.

ఇంతలో కాగితం పళ్ళేలు వచ్చాయి. ముందు పెళ్ళిళ్ళ బేరాలు పోయాయి. తర్వాత తద్దినాల బేరాలూ పోయాయి. పేరిందేవి పొయ్యి రోజు విడిచి రోజు వెలిగేది. ఆమె ఎవరినీ అడగలేదు. అడిగే మనిషి కాదు.

భ్రమరాంబకు ఇది తెలుసు. రోజూ మధ్యాహ్నం అన్నమో, కూరో, పప్పో ఒక గిన్నెడు పిట్టగోడ మీదుగా అందించేది. పెట్టిన చెయ్యి పెట్టినట్టే ఉండేది గానీ, మనసు మాత్రం గిన్నె వెంట వెళ్ళిపోయేది. మూడు గంటలు కాకుండానే గోడ చుట్టి తనే వెళ్ళేది. గిన్నె అందుకునే ముందు నాలుగు మాటలు ఆడక తప్పదు కదా. పొయ్యిలో బూడిద చల్లగా ఉందో వెచ్చగా ఉందో కంటపడేది. పేరిందేవి మొహం పీక్కుపోయి ఉంటే మర్నాడు గిన్నెలో ఇంకో గరిటెడు పడేది. తిరిగి వచ్చేటప్పుడు ఆమె చేతిలో గిన్నె, గిన్నెలో కరివేపాకు ఉండేవి. గిన్నె కోసమని వెళ్ళి మనిషిని చూసి వచ్చేది. ఆ సంగతి ఆమెకే తెలియదు.

ఒకసారి పేరిందేవి గిన్నె ఇవ్వలేదు. సాయంత్రం ఇస్తానంది. సాయంత్రం అడిగితే పొద్దున్న ఇస్తానంది. తెల్లవారగానే భ్రమరాంబ ఆమె గుమ్మం ముందు నిలబడి, మా గిన్నెకు మీ ఇల్లు బాగా నచ్చినట్టుందే అని వీధంతా వినబడేలా అడిగింది. పేరిందేవి లోపలికి వెళ్ళి గిన్నె తెచ్చింది. అందులో వేలి గోరంత పచ్చిమిరపకాయలు నాలుగు ఉన్నాయి. ఆ వారం కరివేపాకు చెట్టును ఎవరిదో మేక మోడు చేసి పోయింది.

"కాస్త ఎదగనిచ్చి ఇద్దామనుకున్నానమ్మాయ్," అంది ఆమె.

భ్రమరాంబ ఆ మిరపకాయలను చూడలేదు. గిన్నెకు సొట్ట పడిందేమోనని తిప్పి తిప్పి చూసుకుంది.

ఆ నెలలోనే భ్రమరాంబ భర్త ఏదో విందు నుంచి మూత ఉన్న పలచటి ప్లాస్టిక్ డబ్బాల్లో మిగిలిన పులిహోర తెచ్చాడు. వాటిని చూడగానే ఆమెకు ప్రాణం లేచి వచ్చింది. బజారుకు వెళ్ళి కట్టలు కట్టలు కొనుక్కొచ్చింది. ఇక గిన్నె కోసం కాపలా కాయనక్కర్లేదు, ఒకరి గుమ్మంలో నిలబడనక్కర్లేదు, పెట్టామా మరిచామా అన్నట్టు ఉండవచ్చని కనబడినవాళ్ళందరికీ చెప్పింది. తన పేరున్న పన్నెండు గిన్నెలూ సంచిలో వేసుకుని మా కొట్టుకు వచ్చింది. అవి ఇచ్చి పెద్ద కుక్కరు పట్టుకెళ్ళాలని ఆమె ఆలోచన. పేర్లుంటే తుక్కు కింద తీసుకుంటాననీ, పేర్లు చెరిపిస్తే కొత్తవాటి లెక్కన తీసుకుంటాననీ షావుకారు అన్నాడు.

సంచి నా ముందు పెట్టింది. నేను అన్నాను, "పేరు చెరిపితే గిన్నెకు ఇంటి దారి తెలియదమ్మా."

"తెలియక్కర్లేదు ఆచారిగారూ. రానూ అక్కర్లేదు," అంది.

నేను చెయ్యనని చెప్పవలసింది. నా నాలుక దాకా వచ్చింది కూడా. అప్పుడు ఆమె, బజారు చివర పేర్లు చెక్కే మిషను పెట్టుకున్న కుర్రవాడు ఆచారి చెక్కింది చెరపడం ఎవరి తరమూ కాదన్నాడని చెప్పింది. అంతే, నా ఒళ్ళు ఉప్పొంగింది. ఆచారి చెక్కింది ఆచారి చెరపలేడా? సానచక్రం తిప్పాను. పన్నెండు గిన్నెలను అద్దాల్లా చేశాను. ఆ గిన్నెలను కన్న ఇనుము వచ్చినా గుర్తుపట్టదు. అంత గొప్పగా చెరిపాను.

షావుకారికి అప్పజెప్పే ముందు పని చూపిద్దామని ఆ మధ్యాహ్నమే సంచి మోసుకుంటూ భ్రమరాంబ ఇంటికి వెళ్ళాను. అరుగు మీద ఆమె ఆడపడుచు, మరో ఇద్దరు చుట్టాలు కూర్చున్నారు. నేను గిన్నెలు బయటికి తీసి నా ప్రతాపం వర్ణిస్తున్నాను. అప్పుడే పేరిందేవి వచ్చింది. ఆ పూట మొదటిసారి ఆమెకు అన్నం డబ్బాలో వెళ్ళింది. దాన్ని ఆమె చింతపండు పెట్టి తోమింది. మోడైన చెట్టు కొత్త చిగురు వేసినట్టుంది, రెండు లేత రెబ్బలు అందులో వేసి మూత పెట్టి తెచ్చింది.

భ్రమరాంబ నవ్వింది. చెడ్డగా నవ్వలేదు. పాపం, తెలియక తెచ్చిందనుకుని నవ్వింది.

"అయ్యో పిన్నిగారూ, అది తిరిగి ఇచ్చేది కాదు. తిని అవతల పారేసెయ్యడమే. పనిమనిషికీ అందులోనే వేస్తున్నాను, అడుక్కునేవాడికీ అందులోనే వేస్తున్నాను. మీరు ఏమీ తేనక్కర్లేదు."

చుట్టాలు నవ్వారు. నా కథకు మధ్యలో అడ్డు తగిలిందని నేనూ నవ్వేసి, నా కథ అందుకున్నాను.

పేరిందేవి డబ్బా వెనక్కి తీసుకుంది. "సరేనమ్మాయ్," అంది. వెళ్ళిపోయింది. ఆమె ముఖం నేను చూడలేదు. గిన్నెలో నా ముఖం ఎంత తేటగా కనబడుతోందో చుట్టాలకు చూపిస్తున్నాను.

మర్నాటి నుంచి భ్రమరాంబ డబ్బా పిట్టగోడ మీద పెట్టి, పిన్నిగారూ అని ఒక కేక వేసి లోపలికి వెళ్ళిపోయేది. కాసేపటికి డబ్బా అక్కడ ఉండేది కాదు. అదే చాలనుకునేది. మూడు గంటలకు గోడ చుట్టి వెళ్ళే పని లేదు. గిన్నె లేనప్పుడు ఎందుకు వెళ్ళడం? హాయిగా కునుకు తీసేది. ఒంటికి సుఖం తెలిసిందని మా కొట్టుకు వచ్చినప్పుడు చెప్పింది కూడా.

ఆమెను చూసి మిగతా ఇళ్ళవాళ్ళూ డబ్బాలు కొన్నారు. ఆషాఢం వెళ్ళేసరికి వీధి కాలవ నిండా డబ్బాలు తేలాయి. వాన కురిస్తే నీళ్ళు కదలక గుమ్మాల్లోకి వచ్చేవి. అందరూ మునిసిపాలిటీని తిట్టారు. ఆ రోజుల్లోనే మా వీధిలో గోధుమరంగు కుక్క ఒకటి గున్న ఏనుగులా బలిసింది. పక్కటెముకలు లెక్కపెట్టగలిగినట్టుండే కుక్క, ఒళ్ళు మెరిసిపోతూ పేరిందేవి గుమ్మంలోనే పడుకునేది. పిల్లలు దానికి పహిల్వాన్ అని పేరు పెట్టారు. ఆ తిండి ఎక్కడిదని ఎవరూ అడగలేదు. వీధిలో అందరికంటే చూపు ఎక్కువని చెప్పుకునే నేనూ అడగలేదు.

శ్రావణంలో మూడు రోజులు ముసురు పట్టింది. ముసురు విడిచిన రోజు భ్రమరాంబ డబ్బా పెట్టడానికి వస్తే, గోడ మీద నిన్నటి డబ్బా ఉంది. దాని పక్కన మొన్నటిది కూడా ఉంది. వాన నీళ్ళలో నాని, చీమలు పట్టి ఉన్నాయి. వానలో గొడుగు కింద నుంచి చెయ్యి చాపి పెట్టి పరుగెత్తినప్పుడు పక్క డబ్బా ఆమె కంట పడలేదు. అదే గిన్నె అయితే గంట ఆలస్యమైనా ఆమె గోడ దూకి వెళ్ళేది.

అప్పుడు వెళ్ళింది. పేరిందేవి చాప మీద ముడుచుకుని ఉంది. జ్వరం కాలిపోతోంది. భ్రమరాంబ కేకలు విని వచ్చి, ఆమెను ఎత్తుకుని ఆసుపత్రికి పరుగెత్తింది నేనే. వందమంది పెళ్ళివారి గంగాళాన్ని ఒంటిచేత్తో లేపానని చెప్పుకునేవాణ్ణి. ఆ రోజు నా చేతుల్లో అసలు బరువే లేదు. ఎండు విస్తరాకుల కట్ట మోసినట్టుంది.

జ్వరం చిన్నదేనని డాక్టరు అన్నాడు. దాన్ని తట్టుకోవడానికి ఒంట్లో తిండి లేదన్నాడు. ఈమె సరిగ్గా తిని నెల దాటి ఉంటుందన్నాడు. మీరు ఏమవుతారని మమ్మల్ని అడిగాడు. పక్కింటిదాన్నని భ్రమరాంబ తల దించుకుని చెప్పింది.

భ్రమరాంబ మంచం పట్టె పట్టుకుని కూర్చుంది. రోజూ పెట్టాను కదా పిన్నిగారూ, అదంతా ఏం చేశారని అడిగింది.

పేరిందేవి ఆమె వైపు తిరిగింది. కోపం లేదు. "కుక్కకు పెట్టాను," అంది. తర్వాత మెల్లగా అంది, "నాకు పెట్టావనుకోలేదమ్మాయ్. నాకే పెట్టి ఉంటే గిన్నె అడిగేదానివిగా."

మర్నాడు మధ్యాహ్నం ఆమె పోయింది.

ఇల్లు ఖాళీ చేయడానికి మేమే వెళ్ళాం. బిస్కట్ల డబ్బా అడుగున బియ్యం నూకలు అంటుకుని ఉన్నాయి. వంటింటి గూట్లో ప్లాస్టిక్ డబ్బాలు ఒకదాని మీద ఒకటి పేర్చి ఉన్నాయి. ఒక్కటి కూడా పారెయ్యలేదు. అన్నీ తోమి, తుడిచి, మూతలు పెట్టి ఉన్నాయి. భ్రమరాంబ పైదాని మూత తీసింది. అందులో కరివేపాకు రెబ్బ ఉంది, ఇంకా పచ్చగానే ఉంది. దాని కిందిది వాడింది. ఇంకా కిందివి ఎండాయి. అట్టడుగు డబ్బాలోది ముట్టుకుంటే పొడి అయింది. తను తినని అన్నానికి కూడా బదులు ఇవ్వకుండా ఉండలేకపోయింది ఆ మనిషి. తీసుకునే చెయ్యి లేక దాచి పెట్టింది.

భ్రమరాంబ ఆ అట్టడుగు డబ్బాను నా దగ్గరికి తెచ్చి, దీని మీద పిన్నిగారి పేరు చెక్కమంది. ఉలి పెట్టాను. ఒక్క దెబ్బకు డబ్బా నిలువునా చీలింది. ఉగ్గుగిన్నె మీద ఏడు తరాలను నిలబెట్టిన చెయ్యి, ఒక్క పేరును నిలపలేకపోయింది. పన్నెండు గిన్నెలు ఏమయ్యాయని ఆమె అడిగింది. షావుకారు ఎప్పుడో అమ్మేశాడు. ఎక్కడున్నాయో వెతుకుదామంటే వాటి మీద పేరు లేదు. నేను అంత గొప్పగా చెరిపాను.

ఆమె ఆరు కొత్త గిన్నెలు కొని, ఆరింటి మీదా పేరిందేవి పేరే చెక్కించుకుంది. కూరలు వండి ఆరిళ్ళకు పంపింది. మూడు గంటలకు పిట్టగోడ దగ్గర నిలబడి ఎదురుచూసింది. ఈలోగా వీధి అంతటికీ డబ్బాల అలవాటు పట్టింది. రెండు గిన్నెలు ఖాళీగా వచ్చాయి. నాలుగు రానే లేదు. వెళ్ళి అడగడానికి ఇప్పుడు ఆమెకు మొహం చెల్లలేదు. గోడ అవతల కుక్క మాత్రం ఇంకా ఆమె చేతి వంకే చూస్తోంది.

అందుకే చెబుతున్నాను. తిరిగి వచ్చే పాత్రలో పెడితేనే అది పొరుగు. బదులు ఇచ్చే దారి మూసేసి పారేసే డబ్బాలో పెడితే, ఎంత మంచి అన్నమైనా ముష్టే అవుతుంది, డబ్బాతో పాటు మనిషినీ పారేసినట్టే అవుతుంది.